ఐర్లాండ్‌లో నర్సింగ్, మిడ్‌వైఫరీ (కాన్పు సంరక్షణ) విద్యార్థులకు ఆసుపత్రి పోస్టింగుల్లో డబ్బు ఇవ్వాలా? ఇస్తే ఏ పద్ధతిలో?

మీరు అడిగిన విషయం ఇది. మీ అమ్మాయి డబ్లిన్‌లో జనరల్ నర్సింగ్ డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. పోస్టింగు ఉన్న వారాల్లో మూడు రోజులు, రోజుకు పన్నెండు గంటల చొప్పున వార్డులో నిలబడి పనిచేసి వస్తోంది, దానికి ఒక్క యూరో కూడా చేతికి రావడం లేదు. అద్దెలో తన వాటాకూ బస్సు ఖర్చులకూ శని, ఆదివారాల్లో సూపర్‌మార్కెట్లో పనిచేస్తోంది. ఇది న్యాయమేనా, ముందు ముందు జీతం వచ్చే అవకాశం ఉందా అని మీ ప్రశ్న. చదువుకోవడానికి వెళ్లిన పిల్ల జీతం అడగడమేమిటి, పని నేర్పుతున్నందుకు సంతోషించాలి అని మీ బావగారు అన్నారని కూడా రాశారు. మీ బావగారి మాటను నేను తీసిపారేయను. ఇదే వాదన ఐర్లాండ్ పార్లమెంటులోనూ వినిపించింది కాబట్టి దానికి కూడా సమాధానం చెప్పాలి.

నేను 1990ల మొదట్లో కోస్తా ఆంధ్రలో ఒక ప్రభుత్వ ఆసుపత్రికి అనుబంధంగా ఉన్న నర్సింగ్ స్కూల్లో జీఎన్ఎమ్ (జనరల్ నర్సింగ్, మిడ్‌వైఫరీ డిప్లొమా) చదివాను. 2001లో ఐర్లాండ్ వచ్చి కొన్నేళ్లు స్టాఫ్ నర్సుగా, ఆ తరువాత విద్యార్థులకు ప్రిసెప్టర్‌గా, అంటే వార్డులో పక్కనుండి పని నేర్పే నర్సుగా, పనిచేశాను. ఇప్పుడు పదేళ్లకు పైగా క్లినికల్ ప్లేస్‌మెంట్ కోఆర్డినేటర్‌గా ఉన్నాను, అంటే వార్డుల్లో విద్యార్థులు ఏం నేర్చుకుంటున్నారు, ఎవరు నేర్పుతున్నారు అని చూసుకోవడమే నా ఉద్యోగం. డబ్బు ఇచ్చి చదువు చెప్పని పద్ధతిలో నేను చదువుకున్నాను. చదువు చెప్పి డబ్బు ఇవ్వని పద్ధతిలో ఇప్పుడు పనిచేస్తున్నాను. రెండింటిలోని అన్యాయాన్నీ దగ్గరగా చూసినదాన్ని.

నా సమాధానం ముందే చెబుతాను. మీ అమ్మాయికి పోస్టింగు కాలమంతా డబ్బు అందాలి, అది దయతో ఇచ్చే భత్యంలా కాక హక్కుగా అందాలి. అయితే ఆ డబ్బుకు బదులుగా ఆమెను వార్డు సిబ్బంది లెక్కలో వేసుకోకూడదు. ఈ రెండో షరతును వదిలేసి మొదటిదాన్ని మాత్రమే సాధించుకుంటే, మూడేళ్ల తరువాత ఆమె చేతిలో డిగ్రీ ఉంటుంది కానీ పని రాదు. రెండో షరతును కాపాడే పేరుతో మొదటిదాన్ని నిరాకరించడమే ఇక్కడ ఇరవై ఏళ్లకు పైగా జరుగుతోంది.

ముందు ఇక్కడి చదువు ఎలా విడిపోయి ఉందో చెప్పాలి. యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం జనరల్ నర్సు శిక్షణ కనీసం 4,600 గంటలు ఉండాలి. అందులో కనీసం సగం రోగుల దగ్గర గడపాలి. ఐర్లాండ్‌లో నాలుగేళ్ల డిగ్రీలో మొదటి మూడేళ్ల పోస్టింగులను సూపర్‌న్యూమరరీ అంటారు. వార్డుకు ఆ రోజు ఎంతమంది నర్సులు కావాలో ఆ సంఖ్యకు విద్యార్థి అదనం అని దాని అర్థం. ఆమె రాకపోయినా వార్డు నడవాలి. చివరి సంవత్సరంలో 36 వారాల ఇంటర్న్‌షిప్ ఉంటుంది. అప్పుడు ఆమె పేరు రోస్టర్‌లోకి (డ్యూటీల పట్టికలోకి) ఎక్కుతుంది, సిబ్బందిలో భాగమవుతుంది, జీతం వస్తుంది. ఈ డిగ్రీ పద్ధతి 2002లో వచ్చింది. నేరుగా మిడ్‌వైఫరీలో చేరే డిగ్రీ 2006లో మొదలైంది. అంతకు పూర్వం, 1990ల మధ్యవరకూ, ఇక్కడి నర్సింగ్ విద్యార్థులు ఆసుపత్రి ఉద్యోగులుగానే ఉండేవారు, జీతం తీసుకునేవారు. ఇంకా వెనక్కి వెళ్తే, 1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరిట మొదలైన స్కూల్లో చేరిన వారికి భోజనం, వసతితో పాటు ఏడాదికి 10 పౌండ్లు ఇచ్చేవారు. కాబట్టి నర్సింగ్ విద్యార్థికి డబ్బు ఇవ్వడం ఈ కాలపు పిల్లలు కొత్తగా కోరుతున్న కోరికేమీ కాదు.

మీ బావగారు అడిగినది అసలు ప్రశ్న. నేర్చుకోవడమూ పని చేయడమూ ఒకటేనా? ఒక ఉదయం జరిగిన సంగతి చెబుతాను. మెడికల్ వార్డులో మీ అమ్మాయి లాంటి రెండో సంవత్సరం విద్యార్థిని ఒక ముసలావిడకు మంచం మీదే స్నానం చేయిస్తోంది. ప్రిసెప్టర్ పక్క మంచం దగ్గర మందులు ఇస్తూ ఒక కన్ను ఇటు వేసి ఉంచింది. ఎడమ కాలి మేజోడు తీసినప్పుడు మడమ దగ్గర రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ కనిపించింది. ఆ అమ్మాయి వేలితో నొక్కి, తీసి, చూసింది. నొక్కిన చోట తెల్లబడి మళ్లీ ఎర్రబడితే ఫరవాలేదు. ఇక్కడ ఎరుపు అలాగే ఉండిపోయింది. అది పుండు మొదలవుతున్న గుర్తు. ఆమె ప్రిసెప్టర్‌ను పిలిచి చూపించింది, మడమ పరుపుకు తగలకుండా పిక్క కింద దిండు పెట్టింది, చార్టులో రాసింది. ఆ మచ్చ ఇంకో రెండు రోజులు ఎవరి కంటా పడకపోతే ముసలావిడ మరికొన్ని వారాలు ఆసుపత్రిలోనే ఉండేది.

ఆ ఇరవై నిమిషాలు చదువా, పనా? ఏ త్రాసులో వేసి విడదీస్తాం? ఒత్తిడి పుండును మొదటి దశలో గుర్తుపట్టడం ఆమె కాలేజీ స్లైడ్లలో చూసింది, ఆ ఉదయం నేర్చుకుంది. అదే నిమిషంలో ఆసుపత్రికి ఆ పని జరిగిపోయింది. స్నానం చేయించడం, పక్క మార్చడం, అన్నం తినిపించడం, బీపీ చూసి రాయడం, మరుగుదొడ్డి వరకూ నడిపించి తీసుకురావడం, భయపడుతున్న మనిషి దగ్గర కూర్చోవడం, ఇవన్నీ నేర్చుకోవలసినవే, చేయకపోతే వేరొకరు చేయవలసినవే. కాగితం మీద ఆమె అదనం. నిజానికి ఉదయం ఏడున్నరకు రాత్రి షిఫ్టు వారు రోగులను అప్పగించే హ్యాండోవర్ అయ్యాక, ఇద్దరు సెలవులో ఉన్న రోజున, ఆమె ఎంత అదనమో వార్డులో ఉన్న ప్రతివారికీ తెలుసు. నా ఉద్యోగంలో సగం వాదన ఇదే: ఈమెను హెల్త్‌కేర్ అసిస్టెంట్ (నర్సులకు సాయపడే సహాయకురాలు) బదులుగా పంపవద్దు, ఈమె ఇవాళ డ్రెస్సింగ్ చూడాలి అని వార్డు మేనేజర్లతో చెప్పుకోవడం.

ఇప్పుడు రెండో వైపు. నేను చదువుకున్న స్కూల్లో మాకు నెలనెలా స్టైపెండ్ ఉండేది. కొన్ని వందల రూపాయలు. రిజిస్టర్‌లో సంతకం పెట్టి తీసుకుంటే, మెస్ ఖర్చు పోగా చేతిలో మిగిలేది ఇంటికి వెళ్లే బస్సు చార్జీ. ఇంటి నుంచి డబ్బు తెప్పించుకోనక్కర లేదన్న గౌరవం మాత్రం దానితో ఉండేది. మా నాన్నగారు రైతు, ముగ్గురు ఆడపిల్లలం. ఆ స్టైపెండ్ లేకపోతే నేను నర్సునయ్యేదాన్ని కాను.

కానీ ఆ డబ్బుకు మేం చెల్లించిన వెల వేరే. మూడో సంవత్సరంలో మగవారి మెడికల్ వార్డులో నైట్ డ్యూటీ. మంచాల మీద నలభై మంది, కింద చాపల మీద ఇంకొందరు. రెండు వార్డులకు కలిపి ఒక్క స్టాఫ్ నర్సు. మా వార్డుకు నేను, ఒక రెండో సంవత్సరం పిల్ల. రాత్రి రెండు దాటాక ఒక పెద్దాయన లేచి కూర్చుని ఆయాసపడటం మొదలుపెట్టాడు. ఉబ్బసం అనుకున్నాను, వీపు నిమిరాను, కిటికీ తెరిచాను. పక్కనే సెలైన్ గబగబా దిగుతోంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని, ముందు చేయవలసింది ఆ డ్రిప్ ఆపడమని నాకు తెలియలేదు. పక్క వార్డు నుంచి పరిగెత్తుకొచ్చిన సిస్టర్ మొదట డ్రిప్ ఆపేసింది, తరువాత వార్డు బాయ్‌ని డ్యూటీ డాక్టరు కోసం పంపింది. ఆయన బతికాడు. నాకు ఆ నెలా స్టైపెండ్ వచ్చింది. ఆ రాత్రి ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో నన్ను కూర్చోబెట్టి చెప్పినవారు మాత్రం లేరు, ఎందుకంటే తెల్లారితే ఆ వార్డు మళ్లీ మా మీదే నడవాలి.

అందుకే డబ్బు ఇస్తే పాత పద్ధతి తిరిగి వస్తుందన్న భయాన్ని నేను వట్టి సాకుగా కొట్టిపారేయను. అది నిజమైన భయం. అయితే ఆ రాత్రి తప్పు స్టైపెండ్ వల్ల జరగలేదు, నర్సులు లేని చోట విద్యార్థులను నిలబెట్టడం వల్ల జరిగింది. నాకు ఒక్క రూపాయి ఇవ్వకపోయినా ఆ వార్డులో ఆ రాత్రి నేనే ఉండేదాన్ని. విద్యార్థిని సిబ్బంది లెక్కలో వేయకుండా ఆపేది చట్టం, నియంత్రణ మండలి తనిఖీ, వార్డులో తగినంతమంది నర్సులు ఉండటం. విద్యార్థి జేబు ఖాళీగా ఉంచడం ఆమె చదువుకు ఏ రక్షణా ఇవ్వదు. పైగా ఖాళీ జేబు వల్ల ఆమె శని, ఆదివారాలు కూడా పనికి వెళ్లి, సోమవారం ఉదయం వార్డుకు నిద్రకళ్లతో వస్తుంది. నిద్రకళ్లతో నేర్చుకున్నది నిలవదు. నిద్రకళ్లతో ఇన్సులిన్ లెక్క చూడటం ఎంత ప్రమాదమో నేను చెప్పనక్కర లేదు.

ఐర్లాండ్‌లో ఈ పోరాటం ఎలా నడిచిందో తెలిస్తే, మీ అమ్మాయికి ఏం రావచ్చో మీరే అంచనా వేసుకోగలరు. ఆర్థిక సంక్షోభ కాలంలో, 2010 చివర, నాలుగో సంవత్సరం ఇంటర్న్‌ల జీతాన్ని కూడా ఏటేటా తగ్గించి చివరకు పూర్తిగా ఎత్తివేయాలని అప్పటి ఆరోగ్య మంత్రి మేరీ హార్నీ నిర్ణయించారు. 2011 మొదట్లో విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. జీతం పూర్తిగా పోలేదు గానీ బాగా కోతపడింది. 2016లో కొంత తిరిగి వచ్చింది. తరువాత కోవిడ్. 2020 మార్చిలో ఆరోగ్య మంత్రి సైమన్ హారిస్ మొదటి మూడేళ్ల విద్యార్థులను హెల్త్‌కేర్ అసిస్టెంట్ జీతం మీద తీసుకుంటామని ప్రకటించారు. ఆ కొద్ది నెలలు మా పిల్లలు అదే వార్డులో, అదే పని, జీతానికి చేశారు. ఆ ఏడాదే మళ్లీ పాత పద్ధతి మొదలైంది, జీతం ఆగింది, పని ఆగలేదు. పైగా ఇన్‌ఫెక్షన్ ఒక చోటి నుంచి ఇంకో చోటికి పాకుతుందన్న భయంతో, వృద్ధులను చూసుకునే నర్సింగ్ హోముల్లో పార్ట్‌టైమ్ చేసుకుంటున్న పిల్లలు పోస్టింగు కాలంలో ఆ పనులు మానుకోవలసి వచ్చింది. ఉన్న ఒక్క ఆదాయమూ పోయింది.

2020 డిసెంబరు 2న విద్యార్థులకు జీతం ఇవ్వాలన్న ప్రతిపక్ష తీర్మానం పార్లమెంటులో ఓటుకు వచ్చి 72కు 77 ఓట్లతో వీగిపోయింది. ఆ సాయంత్రం మా స్టాఫ్ రూములో ఇద్దరు మూడో సంవత్సరం పిల్లలు ఫోనులో చూస్తూ కూర్చున్నారు. ఫలితం వచ్చాక ఒకమ్మాయి ఏమీ అనలేదు, మాస్క్ సరిచేసుకుని మళ్లీ వార్డులోకి వెళ్లింది. ఆ తరువాత ప్రొఫెసర్ టామ్ కాలిన్స్ నివేదిక మీద వారానికి 100 యూరోల పాండెమిక్ గ్రాంటు వచ్చింది. శాశ్వత ఏర్పాటు కోసం షాన్ మెక్‌హ్యూ మరో నివేదిక ఇచ్చారు. దాని మీద 2022లో ఇంటర్న్‌ల జీతాన్ని స్టాఫ్ నర్సు స్కేలు మొదటి మెట్టులో 80 శాతానికి పెంచారు, మొదటి మూడేళ్ల వారికి ప్రయాణ, వసతి ఖర్చుల పథకాన్ని మెరుగుపరిచారు. అంతకు ముందు ఇంటికి దూరంగా పోస్టింగు పడితే వసతికి వారానికి ఇచ్చే గరిష్ఠ మొత్తం 50 యూరోల 79 సెంట్లు. ఆ చిల్లర ఎక్కడి నుంచి వచ్చిందా అని లెక్క వేసి చూస్తే సరిగ్గా 40 ఐరిష్ పౌండ్లు. దేశంలో పౌండు పోయి యూరో వచ్చి ఇరవై ఏళ్లయినా, డబ్లిన్ అద్దెలు ఆకాశానికి అంటినా, ఆ మొత్తం కదలలేదు. విద్యార్థుల సంగతి ఎవరి బల్ల మీదా లేదని దానికంటే వేరే రుజువు నాకు అక్కర లేదు.

కాబట్టి మీ అమ్మాయికి ఇప్పుడున్న స్థితి ఇది: రెండో, మూడో సంవత్సరాల్లో చేసిన ఖర్చులో కొంత తిరిగి వస్తుంది, పనికి డబ్బు రాదు. నాలుగో సంవత్సరం 36 వారాలు 80 శాతం జీతం వస్తుంది. మొదటి మూడేళ్లకు జీతం రెండేళ్లలో వచ్చేస్తుందని మీకు ఆశ పెట్టలేను.

ఎంత ఇస్తే న్యాయం? ఇక్కడ నాకు గట్టి అభిప్రాయం ఉంది. ఇదే ఐర్లాండ్‌లో పోలీసు శిక్షణలో ఉన్న గార్డా ట్రైనీకి వారానికి 184 యూరోల భత్యం ఉండేది. జనం చేరడం లేదని 2023లో దాన్ని 305 యూరోలకు పెంచారు. వడ్రంగి, ఎలక్ట్రీషియన్ అప్రెంటిస్‌లకు పని నేర్చుకుంటున్న రోజుల్లోనే యజమాని జీతం ఇస్తాడు. వాళ్లూ నేర్చుకునేవాళ్లే. పని నేర్పుతున్నాం కదా, జీతం ఎందుకని వాళ్లను ఎవరూ అడగరు. ఎక్కువమంది ఆడపిల్లలు చేసే పనిని మాత్రం సేవ అంటారు. ఆ మాట మన భాషలోనూ ఉంది, ఇక్కడా ఉంది. సేవ అన్న మాటకు నేను తల వంచుతాను, ముప్పై ఏళ్లుగా చేస్తున్నది అదే. కానీ ఇంటి అద్దె అడిగే వాడికి ఆ మాట చెల్లదు. 2025లో ఇక్కడి కనీస వేతనం గంటకు 13 యూరోల 50 సెంట్లు. మీ అమ్మాయి వారానికి చేసే 36 గంటలకు అది 486 యూరోలు అవుతుంది. మొదటి మూడేళ్లలో అంత మొత్తం అడిగితే అది పూర్తి జీతమవుతుంది, జీతం ఇచ్చినవారు ఆమె పేరును రోస్టర్‌లోకి లాగుతారు. అందుకని నేను కోరేది, గార్డా ట్రైనీకి ఎంత ఇస్తారో అంతకు తగ్గని వారపు పోస్టింగు భత్యం. రసీదులతో సంబంధం లేకుండా, పోస్టింగుకు వచ్చిన ప్రతి వారానికీ, ప్రతి విద్యార్థికీ అది అందాలి. అది ఆసుపత్రి బడ్జెట్ నుంచి కాక విద్యాశాఖ వైపు నుంచి రావాలి. డబ్బు ఆసుపత్రి ఇవ్వనప్పుడు, డబ్బిచ్చాను కాబట్టి పని చేయి అనే అధికారం వార్డుకు ఉండదు.

ఇంటర్న్‌ల 80 శాతం సంగతి వేరు. ఇంటర్న్ సిబ్బందిలో భాగం, నైట్ డ్యూటీ చేస్తుంది, రోగులను తన పేరు మీద తీసుకుంటుంది. పూర్తి జీతం ఎందుకు ఇవ్వరంటే ఆమె ఇంకా నేర్చుకుంటోంది అంటారు. సరే, ఎంత నేర్చుకుంటోంది? నిబంధన ప్రకారం వారానికి నాలుగు గంటలు ఆమెకు పని నుంచి విడిగా, చేసిన పనిని తిరిగి ఆలోచించుకునేందుకు కేటాయించాలి. నర్సుల పని వారం 37.5 గంటలు. నాలుగు గంటలంటే అందులో పదో వంతుకు కొంచెం ఎక్కువ. కోత పెట్టవలసి వస్తే ఆ పదో వంతు దగ్గర ఆగాలి. ఐదో వంతు కోయడానికి నాకు ఏ లెక్కా కనిపించదు. ఆ నాలుగు గంటలు అసలు ఇవ్వని వార్డులూ ఉన్నాయి. అక్కడైతే పదో వంతు కోతకు కూడా కారణం లేదు.

మిడ్‌వైఫరీ పిల్లల గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే వాళ్ల కష్టం గంటల్లోకి రాదు. యూరోపియన్ నిబంధన ప్రకారం ఒక విద్యార్థిని చదువు ముగిసేలోగా సాధారణంగా 40 కాన్పులు తన చేతుల మీద చేయాలి. డబ్లిన్‌లో రొటుండా, కూంబ్, నేషనల్ మెటర్నిటీ ఆసుపత్రుల్లో కాన్పులకు కొదవ లేదు, కానీ బిడ్డ షిఫ్టు వేళ చూసుకుని పుట్టదు. ఉదయం నుంచి ఒక తల్లి చేయి పట్టుకుని నడుము రుద్దిన పిల్ల, సాయంత్రం ఎనిమిది అయిందని, తల కనపడబోతున్న సమయంలో వెళ్లిపోదు. వెళ్లిపోతే ఆ కాన్పు ఆమె లెక్కలోకి రాదు, అంతకంటే ఆ తల్లి ఒప్పుకోదు. తొమ్మిదిన్నర, పది అవుతుంది. చివరి బస్సు పోతుంది, టాక్సీ డబ్బు సొంతం. ప్రయాణ ఖర్చుల ఫారంలో ఈ టాక్సీకి చోటు ఉండాలని నేను చాలాసార్లు అడిగాను. వారపు భత్యం వచ్చినా, మిడ్‌వైఫరీ విద్యార్థులకు రాత్రి ప్రయాణం ఏర్పాటు దానికి అదనంగా ఉండి తీరాలి.

మిగతా దేశాలు ఏం చేశాయో క్లుప్తంగా. ఇంగ్లండ్ 2017లో నర్సింగ్ విద్యార్థుల బర్సరీ (ఆర్థిక సాయం) తీసేసి ఫీజు కట్టించడం మొదలుపెట్టింది, 2020 సెప్టెంబరు నుంచి ఏడాదికి కనీసం 5,000 పౌండ్లు తిరిగి కట్టనక్కర లేని సాయంగా ఇస్తోంది. ఆస్ట్రేలియా 2025 జూలై 1 నుంచి నర్సింగ్, మిడ్‌వైఫరీ, ఉపాధ్యాయ, సోషల్ వర్క్ విద్యార్థులకు పోస్టింగు కాలంలో వారపు భత్యం ఇస్తోంది, మొదలుపెట్టినప్పుడు అది 331 డాలర్ల 65 సెంట్లు. ఇది మంచి అడుగు, పోస్టింగు వల్ల విద్యార్థి పేదరికంలో పడుతున్నాడని ఒక ప్రభుత్వం ఒప్పుకున్నట్టయింది. అయితే అందులో రెండు లోపాలున్నాయి. ఆదాయ పరీక్ష పెట్టారు, అందరికీ రాదు. స్టూడెంట్ వీసా మీద ఉన్నవారికి అసలే రాదు. మన తెలుగు పిల్లలు అక్కడ నర్సింగ్ చదవడానికి వెళ్తున్నవారు అత్యధికంగా ఆ వీసా మీదే వెళ్తారు కాబట్టి, ఆ పథకం చూసి ఆశ పెట్టుకుని అప్పు లెక్క వేసుకోవద్దని తల్లిదండ్రులకు చెప్పండి.

మన రాష్ట్రాల సంగతి కూడా చెప్పకుండా ఉండలేను, మీ మేనకోడలు హైదరాబాదులో బీఎస్సీ నర్సింగ్ చేస్తోందని రాశారు కాబట్టి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ కొత్త సిలబస్‌లో ఎనిమిదో సెమిస్టర్ అంతా ఇంటర్న్‌షిప్, వారానికి 48 గంటల చొప్పున 22 వారాలు. ప్రభుత్వ కళాశాలల్లో చదివేవారికి స్టైపెండ్ ఉంది. ప్రైవేటు కళాశాలల్లో చాలాచోట్ల ఆ పిల్లలు ఎదురు ఫీజు కట్టి, కళాశాల యాజమాన్యానికే చెందిన ఆసుపత్రిలో ఆ గంటలు పనిచేస్తారు. ఇక్కడ ఫీజు తీసుకునేవాడూ పని చేయించుకునేవాడూ ఒకరే అవుతారు. అది అన్నిటికంటే చెడ్డ ఏర్పాటు. ప్రైవేటు ఆసుపత్రి నర్సుల జీతాల మీద 2016లో సుప్రీంకోర్టు ఆదేశంతో ఏర్పడిన కమిటీ, 200 పడకలు దాటిన ఆసుపత్రుల్లో ప్రభుత్వ నర్సులతో సమానంగా, 50 పడకల లోపు వాటిలో కూడా నెలకు 20,000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలని సిఫారసు చేసింది. చదువు ముగించిన నర్సుకే ఆ మొత్తం అందని ఆసుపత్రులు ఉన్నప్పుడు విద్యార్థి గోడు ఎవరు వింటారన్నది నాకు తెలిసిన బాధే. అయినా అడగవలసింది అదే: చివరి 22 వారాల ఇంటర్న్‌షిప్‌కు స్టైపెండ్ తప్పనిసరి అని కౌన్సిల్ గుర్తింపు షరతుల్లో చేర్చాలి. ఎంబీబీఎస్ హౌస్ సర్జన్‌కు స్టైపెండ్ ఉండటం అందరికీ సహజంగా తోస్తుంది. అదే వార్డులో అదే రాత్రి నిలబడిన నర్సింగ్ ఇంటర్న్‌కు లేకపోవడం కూడా అంతే సహజంగా తోచడం నన్ను ఎక్కువ బాధిస్తుంది.

ఇక మీ అమ్మాయి ఈ వారమే చేయగలిగినవి. ప్రయాణ, వసతి ఖర్చులకు ఫారం నింపే పిల్లలు సగమే ఉంటారు నా అనుభవంలో. మిగిలినవారు తరువాత చూద్దామని వదిలేస్తారు. ఆసుపత్రిలో విద్యార్థులకు పోస్టింగులు కేటాయించే అలొకేషన్స్ ఆఫీసర్ దగ్గర ఆ ఫారం దొరుకుతుంది, రసీదులు, బస్సు కార్డు వివరాలు దాచుకోమనండి. ప్రభుత్వ విద్యార్థి గ్రాంటు అయిన సూసీకి మీ కుటుంబం అర్హమేమో చూడండి. అది పౌరసత్వం లేదా వీసా తరగతి, ఇక్కడ నివసించిన కాలం, ఇంటి ఆదాయం బట్టి ఉంటుంది. నర్సుల సంఘం ఐఎన్ఎమ్ఓలో విద్యార్థులకూ సభ్యత్వం ఉంది, చేరమనండి. పైన చెప్పిన ప్రతి పెంపు వెనకా ఆ సంఘం విద్యార్థుల అర్జీలు, ధర్నాలు ఉన్నాయి. మీరు కూడా మీ నియోజకవర్గపు టీడీకి (పార్లమెంటు సభ్యుడికి) ఉత్తరం రాయండి. ఓటు ఉన్నా లేకపోయినా రాయండి, ఎందుకంటే మీ ఇంట్లోని అమ్మాయే రేపు వారి నియోజకవర్గపు ఆసుపత్రి వార్డులో నర్సు.

సూపర్‌మార్కెట్ పని మానిపించమని నేను చెప్పను, అద్దె మీరు కట్టగలిగితే తప్ప ఆ మాటకు అర్థం లేదు. కానీ పోస్టింగు వారాల్లో ఒక్క రోజుకు తగ్గించుకోమనండి. రాత్రి షిఫ్టు చేసి నేరుగా వార్డుకు మాత్రం ఎప్పుడూ రావద్దు. అలా వచ్చిన పిల్లను నేను ఇంటికి పంపాను, పంపితే ఆ గంటలు తరువాత తిరిగి చేయాల్సి వచ్చింది. పంపకపోతే ఇంకా పెద్ద తప్పు జరిగేది.

ఒక చిన్న నోటు పుస్తకం జేబులో పెట్టుకోమనండి. ప్రతి షిఫ్టుకూ మూడు సంగతులు రాసుకోవాలి: ఆ రోజు ప్రిసెప్టర్ ఎవరు, ఏ కొత్త పని చూసింది లేదా చేసింది, సిబ్బంది తక్కువ కావడం వల్ల ఎన్ని గంటలు వేరొకరి స్థానంలో పనిచేసింది. రోగుల పేర్లు, వివరాలు అందులో రాయకూడదు. ఆరు వారాల పోస్టింగు ముగిసేసరికి ఆ మూడో వరుస పెద్దదైతే, ఆ పుస్తకం తీసుకుని తన ఆసుపత్రిలోని కోఆర్డినేటర్ దగ్గరకు వెళ్లి కూర్చోమనండి. నా దగ్గరకు అలా వచ్చిన పుస్తకాలను పట్టుకునే నేను రెండు వార్డులకు విద్యార్థులను పంపడం కొంతకాలం ఆపించగలిగాను. సంఘం వారు జీతం గురించి మళ్లీ ప్రభుత్వంతో కూర్చున్నప్పుడు వారికి కావలసినది కూడా ఇలాంటి తేదీలతో ఉన్న లెక్కే.

మీ అమ్మాయికి ఏ ఆసుపత్రిలో పోస్టింగో, వచ్చేది ఏ వార్డో రాస్తే, అక్కడ ఆమె తప్పక చూడవలసిన పనులేమిటో మరోసారి వివరంగా రాస్తాను.